చచ్చిన ఎముకకు మందు అందదు

యాంకర్: డాక్టర్ గారూ, సూటిగా అడిగేస్తాను. కాలు విరిగింది, ప్లేటు వేశారు, ఎముక అతుక్కుంది. ఏడాది తర్వాత అక్కడో చిన్న రంధ్రం పడి చీము కారుతోంది. మాత్రలు వేసుకుంటే ఆగుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. ఎందుకిలా?

డాక్టర్: ఇది క్రానిక్ ఆస్టియోమైలైటిస్, అంటే ఎముకలో పాతుకుపోయిన ఇన్‌ఫెక్షన్. లోపల ఎముక ముక్క చచ్చిపోయి ఉంటుందండీ. సీక్వెస్ట్రమ్ అంటాం. యాంటిబయాటిక్ రక్తంతోనే కదా వెళ్లాలి? దానికి రక్తమే అందదు. పైగా ఆ ముక్క మీదా, ప్లేటు మీదా బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని ఉంటుంది, అదే బయోఫిల్మ్. చాలావరకు స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. మాత్రలకు బయట తిరిగేవి చస్తాయి, పొరలోవి మిగిలిపోతాయి.

యాంకర్: అయితే ఆపరేషన్ తప్పదా?

డాక్టర్: పూర్తిగా నయం కావాలంటే చాలామందికి తప్పదు. అందరికీ కాదు. 1985లో సియెర్నీ, మేడర్ బృందం ఒక వర్గీకరణ ఇచ్చింది. జబ్బు ఎముకలో ఎంతవరకు పాకిందో చూసి నాలుగు దశలు, రోగి ఒంటి పరిస్థితిని బట్టి ఏ, బీ, సీ. నా మటుకు ఈ రెండోదే ముఖ్యం. సీ అంటే జబ్బు కన్నా వైద్యమే ఎక్కువ చేటు చేసేవాళ్లు. వాళ్లను కోయకుండా మందులతో, డ్రెస్సింగ్‌తో నెట్టుకురావడమే మేలు. బీ, అంటే ఒంట్లో వేరే ఇబ్బందులున్న వాళ్లకైతే ముందు షుగర్ అదుపులోకి రావాలి, సిగరెట్ మానాలి.

యాంకర్: సరే, ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్దాం.

డాక్టర్: మొదటి పని శాంపిల్స్. పైన పుండు మీద దూదిపుల్లతో తీసిన స్వాబ్‌ను నమ్మలేం, లోపలి క్రిమి వేరే కావచ్చు. లోతు నుంచి ఐదారు ముక్కలు తీస్తాం, ఒక్కోదానికి ఒక్కో శుభ్రమైన పరికరం. వీలైతే రెండు వారాల ముందే యాంటిబయాటిక్ ఆపిస్తాం. తర్వాత ప్లేటు, స్క్రూలు తీసి చెక్కడం మొదలు. చచ్చిన ఎముక పాలిపోయి, దంతం రంగులో ఉంటుంది. బర్‌తో, అంటే గిర్రున తిరిగే చిన్న పరికరంతో చెక్కేటప్పుడు సెలైన్ పోస్తూనే ఉండాలి, లేకపోతే ఆ వేడికి మంచి ఎముక కూడా చస్తుంది. చెక్కగా చెక్కగా ఒకచోట మిరప్పొడి చల్లినట్టు సన్నటి రక్తపు చుక్కలు పైకొస్తాయి. పాప్రికా సైన్. అక్కడ ఆగుతాం.

యాంకర్: అంత చెక్కేస్తే కాలు నిలబడుతుందా?

డాక్టర్: ఆ భయంతోనే కొందరు సగంలో ఆపేస్తారు. జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా అక్కడే. తీయాల్సిందంతా తీసేయాలి, కాలు నిలబెట్టడం తర్వాతి లెక్క. అలాగని గుంతను ఖాళీగా వదలకూడదు, రక్తం నిండి మళ్లీ క్రిములు చేరతాయి. జెంటామైసిన్ అనే యాంటిబయాటిక్ కలిపిన ఎముక సిమెంట్ పూసలు పెడితే మళ్లీ తీయాలి. కాల్షియం సల్ఫేట్ పూసలు వాటంతటవే కరిగిపోతాయి. కాకపోతే కొన్ని వారాలు నీళ్లలా రసి కారొచ్చు, ఇంట్లోవాళ్లు మళ్లీ చీమేనని హడలిపోతారు! ముందే చెప్పి ఉంచాలి.

యాంకర్: ఎముక నిలువునా కొన్ని సెంటీమీటర్లు పోతే?

డాక్టర్: రెండు దారులు. మాస్కెలే పద్ధతిలో ఖాళీలో సిమెంట్ దిమ్మ పెడతాం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాని చుట్టూ రక్తనాళాలున్న పొర కడుతుంది. అప్పుడు దిమ్మ తీసి, తుంటి నుంచి తెచ్చిన ఎముక గుజ్జు నింపుతాం. రెండోది ఇలిజరోవ్ రింగులు, కాలు చుట్టూ బయట బిగించి పిన్నులతో ఎముకకు కలుపుతాం. ఎముకను మరోచోట కోసి రోజుకు 1 మి.మీ. చొప్పున, పావు మి.మీ. లెక్కన నాలుగు విడతల్లో జరుపుతాం. 6 సెం.మీ. జరపడానికే రెండు నెలలు, అలా కొత్తగా పుట్టిన ఎముక గట్టిపడటానికి ఇంకా ఎక్కువ. నెలల తరబడి పిన్నులు శుభ్రం చేసుకునే ఓపిక ఉందా అని రోగిని ముందే అడుగుతాను.

యాంకర్: ఆ తర్వాత ఆరు వారాలు సూదులేనా?

డాక్టర్: అక్కర్లేదు. 2019లో వచ్చిన ఓవివా ట్రయల్‌లో, అంటే రోగులపై జరిపిన పరిశోధనలో, 1,054 మంది ఉన్నారు. మొదటి ఆరు వారాలకు సూది మందు కన్నా మాత్రలు తీసిపోలేదని ఏడాది ఫాలోఅప్‌లో తేలింది. కల్చర్ రిపోర్టుకు, అంటే శాంపిల్స్‌లో దొరికిన క్రిమికి, తగ్గ మాత్ర ఉండాలి, అంతే.

యాంకర్: ఇరవై ఏళ్లుగా కారుతున్నా పట్టించుకోనివాళ్లు ఉంటారు కదా?

డాక్టర్: ఉంటారు. ఉన్నట్టుండి నొప్పి పెరిగినా, వాసన మారినా, పుండు అంచు దళసరిగా పెరిగినా ఆలస్యం చేయకూడదు. అరుదే గానీ, ఆ పుండులో క్యాన్సర్ పుట్టొచ్చు. మార్జోలిన్ అల్సర్ అంటాం. అలాంటప్పుడు పుండు అంచు నుంచి బయాప్సీ తీసి చూడాల్సిందే.