కునుకుతున్న పెట్ట, మెడ వాల్చిన బాతు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. పెరటి కోళ్లకు, బాతులకు జబ్బు చేసినప్పుడు ఇంటి దగ్గర మనం ఎంతవరకు చూసుకోవచ్చు, ఎప్పుడు పశువైద్యశాలకు వెళ్లాలి అన్న సందేహాలకు సమాధానం చెప్పడానికి పశువైద్యురాలు మన స్టూడియోకు వచ్చారు. మొదటి శ్రోత తణుకు దగ్గరి గ్రామం నుంచి మాట్లాడుతున్నారు. అడగండమ్మా.

శ్రోత: డాక్టరు గారూ, మాకు తొమ్మిది నాటుకోళ్లు ఉన్నాయండి. పోయిన వారం సంతలో ఒక పెట్టను కొని వాటిలో వదిలాము. నాలుగు రోజులు గడిచేసరికి ఆ పెట్ట, మా పుంజు మేత మానేసి, రెక్కలు వాల్చి కునుకుతున్నాయి. రెట్ట ఆకుపచ్చగా నీళ్లలా పడుతోంది. ప్రాణం పోయేలోపు కోస్తే కూరకైనా వస్తుందని మా అత్తగారు అంటున్నారు.

వైద్యురాలు: కోయవద్దమ్మా. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మొదట కొక్కెర తెగులే గుర్తుకు వస్తుంది. దీనినే రాణీఖేత్ వ్యాధి అంటారు. మన దేశంలో 1927లో దీనిని గుర్తించిన కొండ ఊరి పేరే దానికి నిలిచిపోయింది. రెండు మూడు రోజుల్లో మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం కూడా కనిపించవచ్చు. అయితే ఇవే లక్షణాలు బర్డ్ ఫ్లూలోనూ ఉంటాయి, రెండింటినీ ఇంట్లో చూసి వేరు చేయడం నాకు కూడా సాధ్యం కాదు. 2025 ఫిబ్రవరిలో మీ తణుకు మండలం వేల్పూరులోనే బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదన్న మాట నిజమే. కానీ కోసేటప్పుడు చిమ్మే రక్తం, ఈకలు పీకేటప్పుడు లేచే దుమ్ము, పేగులు తీసే చేయి, ఆ చేత్తోనే తుడుచుకునే ముఖం, వీటిలోనే ప్రమాదమంతా ఉంది. ఆ పని ఇంట్లో ఎవరు చేస్తారో కూడా ఆలోచించండి.

శ్రోత: అయితే మందేమీ లేదాండీ?

వైద్యురాలు: కొక్కెర తెగులును నయం చేసే మందు లేదు, ముందుగా వేయించే టీకా మాత్రమే ఉంది. ఇంట్లో మనుషులకు రాసిన యాంటీబయాటిక్ మాత్రలు మిగిలి ఉంటే వాటిని నలిపి వేయవద్దు. వైరస్ మీద అవి పనిచేయవు, పైగా వాటి అవశేషాలు గుడ్లలోకి వస్తాయి. ఇప్పుడే ఆ రెండింటినీ మిగతావాటికి దూరంగా, వాటి మీదుగా వీచే గాలి మిగతా కోళ్లకు తగలని చోట, విడి గంప కింద పెట్టండి. కింద పాత గోనె పరిచి, రోజూ దానిని మార్చండి. లీటరు నీటిలో చిన్న బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు కలిపి దగ్గర ఉంచండి. తాగకపోతే ముక్కు తెరిచి పోయవద్దు, నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి అదే ప్రాణం తీస్తుంది. ముక్కు పక్కన ఒక్కొక్క చుక్కే వదిలితే కోడి తల పైకెత్తి తానే మింగుతుంది. ముందు బాగున్న కోళ్లకు మేత వేసి, చివరగా జబ్బు కోళ్ల దగ్గరకు వెళ్లి, వచ్చాక చేతులను సబ్బుతో కడుక్కోండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. ఏ కోడైనా చనిపోతే ఆగకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. చచ్చిన కోడిని కాలువలో వేయకుండా, లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. ఇక సంతలో కొన్న ఏ పక్షినైనా మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపండి.

వ్యాఖ్యాత: తదుపరి శ్రోత కైకలూరు వైపు నుంచి ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. మా బాతులు అరవై దాకా ఉన్నాయి. నిన్న పొద్దున్న ఎనిమిది బాతులు లేవలేదు. కాళ్లు చాచి పడుకున్నాయి, మెడ ఎత్తితే గుడ్డపేలికలా జారిపోతోంది. కళ్లు తెరుస్తున్నాయి కానీ రెప్పలు నిలవడం లేదు. జ్వరం గానీ, రక్తం గానీ లేవు.

వైద్యురాలు: మీరు బాతులను తిప్పే చోట నీరు తగ్గిందా? అక్కడ చచ్చిన జంతువు ఏదైనా ఉందా?

శ్రోత: చేపల చెరువు పక్క మురుగుకాలువ ఎండిపోయిందండి. అందులో ఒక చచ్చిన బాతు ఉంది. దాని పొట్టంతా పురుగులే.

వైద్యురాలు: ఆ పురుగులే కారణమని నా అంచనా. గాలి ఆడని కుళ్లిన శరీరంలో బొట్యులిజం అనే జబ్బును కలిగించే సూక్ష్మజీవి విషాన్ని తయారుచేస్తుంది. దానిని తిన్న పురుగులకు ఏమీ కాదు, వాటిని ఏరుకుని తిన్న బాతుకు మాత్రం నరాలు పట్టు తప్పుతాయి. పట్టుమని పది పురుగులు కూడా అక్కరలేదు. కాబట్టి మొదట కాలువలోని కళేబరాన్ని తీసి పూడ్చి, మందను అటువైపు పోనివ్వకండి. పడిపోయిన బాతులను నీడలోకి తెచ్చి, ఛాతీ కింద గడ్డి పేర్చి, తల ఎత్తుగా ఉండేలా ఆనించండి. నీళ్ల తొట్టి పక్కన వాటిని వదలవద్దు. మెడ నిలవని బాతు నాలుగు వేళ్ల లోతు నీటిలోనూ ముక్కు మునిగి చనిపోతుంది. రోజుకు నాలుగైదుసార్లు మీరే చుక్కలుగా మంచినీరు తాగించండి. విషం తక్కువగా సోకినవి కొన్ని రోజుల్లో లేస్తాయి. రెప్పలు అతుక్కుపోయి, వెనుక నుంచి రక్తం కనిపిస్తే మాత్రం అది డక్ ప్లేగు అనే వైరస్ జబ్బు కావచ్చు, వెంటనే వైద్యుడిని పిలవాలి. అన్నట్టు, బూజు పట్టిన వేరుశనగ చెక్క వేస్తుంటే అది కూడా ఆపేయండి. కోళ్లు కొంత తట్టుకునే ఆ బూజు విషానికి బాతులు ఇట్టే పోతాయి.

వ్యాఖ్యాత: సిద్దిపేట నుంచి ఒక శ్రోత చిన్న ప్రశ్న అడుగుతున్నారు. వనరాజ రకం కోడిపెట్ట పొద్దుటి నుంచి ముక్కుతోంది, గుడ్డు రావడం లేదు.

వైద్యురాలు: గోరువెచ్చని నీటిలో పొట్ట మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, గుడ్డు వచ్చే చోట కొబ్బరినూనె రాసి చీకటిగా ఉన్న చోట ఉంచండి. గుడ్డును లోపల పగలగొట్టే ప్రయత్నం చేయవద్దు. సాయంత్రానికి రాకపోతే వైద్యశాలకు తీసుకెళ్లండి. తరువాత మేతలో ఆల్చిప్పల పొడి కలపండి.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ తణుకు శ్రోత దగ్గరి నుంచే మళ్లీ వచ్చింది.

శ్రోత: కొక్కెర తెగులు టీకా సీసా అడిగితే వంద కోళ్లకు సరిపోయేది ఇస్తామంటున్నారండి. మిగిలినవి ఎనిమిదే కదా!

వైద్యురాలు: ఇప్పుడు వేయించవద్దమ్మా, మందలో జబ్బు తగ్గి కొన్ని వారాలు గడవాలి. ఈలోగా మీ వీధిలో ఎవరికి ఎన్ని కోళ్లున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. టీకా కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, అంతసేపూ ఐసులోనే ఉండాలి. అందుకని రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికి ముందుగా చెప్పి, తెల్లవారుజామున ఎవరూ గంప ఎత్తకముందే రమ్మనండి. వారం వయసు పిల్లలకు కంట్లో వేసే లసోటా అనే టీకా చుక్క, రెండు నెలలు దాటినవాటికి రెక్క చర్మం కింద ఆర్.టు.బి. అనే టీకా సూది ఇస్తారు. కోళ్లు పెరట్లోకి చెదిరిపోయాక వాటిని పట్టుకోవడం మీ వల్లా కాదు, ఆయన వల్లా కాదు.