శ్రుతిని చెరిపేసే మైకు: ఒంగోలు ఇంటర్వ్యూ తర్వాత నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ వైర్‌లెస్ మైకు సెట్టు పేరు, ధర తెర మీద కనిపిస్తున్నాయి. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఎంత దూరం పనిచేస్తుంది, పెట్టెలో ఏమేమి ఇస్తారు, ఇవన్నీ మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను వాటి జోలికి పోను. కంపెనీవాళ్ళు దీన్ని ఉచితంగా పంపి రివ్యూ చేయమన్నారు. డబ్బు తీసుకోలేదు, ఈ వీడియో ముందుగా వాళ్ళకు చూపించలేదు.

మా పాడ్‌కాస్ట్ కోసం ఒంగోలులో ఒక గాయనితో మాట్లాడాను. సొంతంగా పాట రాసి, బాణీ కట్టి, ఇంట్లోనే రికార్డు చేసి విడుదల చేసుకునే అమ్మాయి. సినిమావాళ్ళ అండ లేదు, మ్యూజిక్ కంపెనీ లేదు. వాళ్ళ తాతగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె మీదే ఈమె తన పాటలన్నీ కడుతుంది. మాట మధ్యలో పాట ఎత్తుకుంటుంది, చరణం సగంలో ఆగి కబురు చెబుతుంది, అంతసేపూ వేళ్ళ కింద శ్రుతి, అంటే పాటకు ఆధారంగా సాగే స్వరం, మోగుతూనే ఉంటుంది. సంగీతం చేసేవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఇలాగే ఉంటుంది. మైకును పరీక్షించడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ముందు నచ్చింది చెబుతాను, ఎందుకంటే అది నిజంగా నచ్చింది. ఈ క్లిప్పు మైకు తనలోనే 32-బిట్ ఫ్లోట్‌లో, అంటే చాలా చిన్న శబ్దాన్నీ చాలా పెద్ద శబ్దాన్నీ ఒకే ఫైలులో పట్టే పద్ధతిలో, రికార్డు చేసుకుంటుంది. ఫోనుకు గాలిలో వెళ్ళేది మామూలు శబ్దమే, అసలు సరుకు మైకు లోపలి ఫైలులో ఉంటుంది. దీనివల్ల లాభం ఏమిటో ఆ ఇంట్లో తెలిసింది. డబ్బు సంగతి అడిగేసరికి ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక నిబంధన ఉంది: గడిచిన 12 నెలల్లో ఒక పాటను కనీసం 1,000 సార్లు వినకపోతే ఆ పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్క కట్టరు. "మావాళ్ళు ఫైలు ఒకరికొకరు పంపుకుని వింటారన్నా, అది ఏ లెక్కలోకీ రాదు" అంది. ఆ మాట దాదాపు తనలో తాను అనుకున్నట్టుగా అంది. వెంటనే "ఈ పాట దాని గురించే" అంటూ పై షడ్జమంలో పల్లవి అందుకుంది.

నా పాత రికార్డరు అయితే ఆ క్షణంలో శబ్దం స్థాయి మార్చే మీట మీద నా వేలు ఉండాలి. మాటకు సరిపడా పెంచితే పాట పగిలిపోతుంది, పాటకు సరిపడా తగ్గిస్తే మాట అడుగున పడిపోతుంది. చూపు మనిషి ముఖం మీద ఉండాల్సిన సమయంలో సూది మీద ఉంటుంది. 24-బిట్ ఫైలు కాగితం మీద 144 డెసిబెల్స్ తేడాను పట్టగలదు, 32-బిట్ ఫ్లోట్‌లో అది 1,500 దాటుతుంది. ఏ గదిలోనూ అంత తేడా ఉండదు, కాబట్టి స్థాయి గురించి ఆలోచించే పనే లేదు. ఇంటికొచ్చి చూస్తే గుసగుసా ఉంది, పల్లవీ ఉంది, రెండూ చెక్కుచెదరలేదు. ఒక్క హెచ్చరిక: మైకులో శబ్దాన్ని పట్టే భాగమే తట్టుకోలేకపోతే ఏ బిట్లూ కాపాడలేవు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. దీనికి నాయిస్ రిడక్షన్ బటన్ ఉంది. ఫ్యాను, ఏసీ, రోడ్డు హోరు లాంటి మారకుండా సాగే శబ్దాలను గుర్తించి తీసేస్తుంది. కర్నూలు రోడ్డులో నిలబడి మాట్లాడితే అద్భుతంగా పనిచేసింది, కాదనను. కానీ మారకుండా సాగే శబ్దం ఫ్యాను ఒక్కటేనా? శ్రుతి అంటేనే మారకుండా సాగేది! ఐదు శ్రుతిలో ఆమె సా, పా పట్టుకుని కూర్చుంటే ఈ మైకు దాన్ని ఫ్యాను హోరుతో కలిపి ఊడ్చేస్తోంది. ఆమె పాడినప్పుడు శ్రుతి కొంచెం వినిపిస్తుంది, ఊపిరి తీసుకోగానే మాయమవుతుంది, మళ్ళీ వస్తుంది. లోపలి ఫైలులోనూ అదే కోత.

హెడ్‌ఫోన్ పెట్టుకునే ఉన్నాను కాబట్టి మొదట్లోనే పట్టుకుని ఆపేశాను. ఫ్యాను కట్టేసి, ఒంగోలు ఎండలో చెమటలు కారుతూ కూర్చున్నాం, అదేమీ బాధ కాదు. వాళ్ళమ్మగారు మజ్జిగ తెచ్చినప్పుడు మైకులు ఆపాం. మళ్ళీ ఆన్ చేయగానే ఆ బటన్ తనంతట తాను పని మొదలుపెట్టింది! నేను ఆపిన సంగతి దానికి గుర్తుండదు, ఎప్పుడు ఆన్ చేసినా అంతే. పాట సగంలో శ్రుతి తెగడం వినిపించి ఆపమనాల్సి వచ్చింది. "మళ్ళీ పాడతాలే అన్నా" అని నవ్వుతూనే పాడింది. రెండోసారి తప్పేమీ లేదు. కానీ మొదటిసారి వాళ్ళమ్మగారు గడప దగ్గర నిలబడి వింటున్నప్పుడు వచ్చిన ఆర్ద్రత మళ్ళీ రాలేదు.

ఇది నాకు చిన్న లోపంగా కనిపించడం లేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించి బయటికి పంపింది, 1971లో గానీ కొంత సడలింపు రాలేదు. అన్నేళ్ళూ ఆ పెట్టెను మన ఊళ్ళలో మోసింది నాటక సమాజాలే. అలాంటి పెట్టె శబ్దం చెత్తలో వేయాలా వద్దా అనేది ఒక బటన్ నిర్ణయించకూడదు. నాకు ఆ నిర్ణయం నా చేతిలో ఉండాలి.

మరో చికాకు. ఛాతీ మీద క్లిప్పు పెడితే నోటికన్నా హార్మోనియమే దానికి దగ్గరవుతుంది. అందుకని క్లిప్పును మెడ దాకా జరిపి, రెండో మైకును తిత్తి గాలి తగలకుండా పెట్టె పక్కన పెట్టాను. ఇక నాకు మైకు లేదు. నా ప్రశ్నలన్నీ పాత తీగ మైకు పట్టుకుని అడిగాను. వాయిద్యంతో వచ్చే అతిథికి రెండు మైకుల సెట్టు చాలదు, ఇది ఏ కంపెనీ సెట్టుకైనా వర్తిస్తుంది.

గాలి తొడుగు బాగుంది. సాయంత్రం కొత్తపట్నం తీరంలో కాసేపు మాట్లాడుకున్నాం. అలలు వినిపించాయి, గాలి దబదబ లేదు.

తీర్పు: మీరు మాటలు మాత్రమే రికార్డు చేసేవాళ్ళయితే కొనుక్కోండి. పాడేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలనుకుంటే ఇప్పుడు వద్దు. లోపలి రికార్డింగ్ నన్ను ఎంత మెప్పించినా ఆ బటన్‌ను క్షమించలేను. ఆపితే ఆగిపోయి ఉండేలా అప్‌డేట్ ఇవ్వమని కంపెనీకి రాశాను. ఇస్తే మళ్ళీ వీడియో చేస్తాను. నెల్లూరు మూలాపేటలో ఒక వీణ కళాకారిణితో ఇంటర్వ్యూ ఉంది, అక్కడ తంబురా మోగుతుంది కాబట్టి తీగ మైకులే తీసుకెళ్తున్నాను.

ఒంగోలు ఎపిసోడ్ లింకు కింద ఇచ్చాను, దాని కిందే ఆమె పాటల లింకు ఉంది. ఎవరైనా ఫైలు పంపితే వినడం కాకుండా, ఆ లింకులోనే వినండి. ఆ 1,000 లెక్కలోకి వచ్చేది అదే.