బిల్డ్ ఫెయిలైతే ముందు చదవండి
(అమలాపురంలో విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. మీలో కొందరు రొయ్యల చెరువుకి మేత లెక్క రాసుకునే యాప్, ఇంకొందరు కొబ్బరికాయల ధర చూపించే యాప్ చేద్దామని ఆండ్రాయిడ్ స్టూడియో వేసుకున్నారట. తీరా చూస్తే ఖాళీ ప్రాజెక్టే బిల్డ్ అవడం లేదని, అంటే కోడ్ యాప్‌గా తయారవడం లేదని టెన్షన్. ఆ ఎర్ర అక్షరాల సంగతే మాట్లాడుకుందాం.

కొత్తలో వచ్చే ఎర్రర్లలో చాలావాటికి మీ కోడ్‌తో సంబంధం ఉండదు. మీరు కోట్లిన్ భాషలో రాసిన కోడ్ ఫోన్లోకి ఎక్కాలంటే బిల్డ్ పనంతా చేయించే గ్రేడిల్, దానికి ఆండ్రాయిడ్ పని నేర్పే ఆండ్రాయిడ్ ప్లగిన్, మీ కోడ్‌ని మెషీన్‌కి పనికొచ్చేలా మార్చే కోట్లిన్ కంపైలర్, వీటిని నడిపే జావా, అన్నీ కలిసి పనిచేయాలి. ఒకదాని వెర్షన్ ఇంకోదానితో పొసగకపోతే పేచీ మొదలవుతుంది.

'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65' అని వచ్చిందనుకోండి. 65లోంచి 44 తీసేయండి, 21. అంటే అక్కడున్నది జావా 21, మీ గ్రేడిల్‌కి అదింకా తెలియదు. జావా 21 మీద నడవాలంటే గ్రేడిల్ 8.5 అయినా ఉండాలి. కాబట్టి ప్రాజెక్టులో గ్రేడిల్ వెర్షన్ రాసి ఉండే గ్రేడిల్ ర్యాపర్ ఫైల్లో (gradle-wrapper.properties) వెర్షన్ పెంచండి, లేదా సెట్టింగ్స్‌లో గ్రేడిల్‌కి జావా 17 చూపించండి. అలాగని 11కి దిగిపోకండి, ఆండ్రాయిడ్ ప్లగిన్ 8.0కి కనీసం 17 కావాలి.

శివారు పొలానికి నీళ్లందకపోతే మన రైతు మళ్లో నిలబడి తిట్టుకోడు, కాలువ గట్టు పట్టుకుని పైకి నడిచి ఎక్కడ పూడిందో చూస్తాడు. ఎర్రర్ కూడా అంతే. కంపైలర్ ఇరవై తప్పులు చూపిస్తే మొదటిది సరిచేసి మళ్లీ బిల్డ్ చేయండి, మిగతావాటిలో చాలా వాటంతటవే పోవచ్చు. గ్రేడిల్ మెసేజ్‌లో 'కాజ్డ్ బై' వరుసలుంటే మాత్రం చివరిది చూడండి, అసలు కారణం సాధారణంగా అక్కడుంటుంది.

ఇంకోటి, ఇది మనవాళ్లకే ఎక్కువ తగులుతుంది. ముచ్చటపడి ఫోల్డర్‌కి 'కోనసీమ' అని తెలుగులో పేరు పెడితే, విండోస్‌లో ఆ ఫోల్డర్ దారిలో (పాత్‌లో) ఇంగ్లీషు కాని అక్షరాలున్నాయని బిల్డ్ ఆగిపోతుంది. యాప్ పేరు తెలుగులో నిక్షేపంగా పెట్టుకోండి, ఫోల్డర్ పేరు మాత్రం ఇంగ్లీషులో ఉంచండి. యాప్ బొమ్మలుండే డ్రాయబుల్ ఫోల్డర్లో వేసే ఫైల్ పేర్లలోనూ పెద్ద అక్షరాలు, ఖాళీలు పనికిరావు.

పాత వీడియోలతో జాగ్రత్త. గ్రేడిల్ లైబ్రరీలు దించుకునే చోటుగా వాటిలో 'జేసెంటర్' అని కనిపిస్తే అది మూసేస్తున్నట్టు 2021లోనే ప్రకటించారు, దాని బదులు అలాంటిదే అయిన 'మావెన్ సెంట్రల్' రాయండి. ఏఐని అడిగినా ఒక్కోసారి ఈ పాత జవాబే ఇస్తుంది. ఆయ్ అనేసి అతికించేయకండి.

ఎర్రర్ రాగానే క్లీన్, రీబిల్డ్, స్టూడియో మళ్లీ ఇన్‌స్టాల్! ఈ వరస నాకు నచ్చదండి. ఒక్కోసారి పనిచేస్తుంది, కానీ ఎందుకు పనిచేసిందో తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి.

మొదటి బిల్డ్‌కి గ్రేడిల్ బోలెడు ఫైళ్లు దించుకుంటుంది, నెట్ బాగున్నచోట చేసుకోండి. ఆ తర్వాత కూడా 'ఆఫ్‌లైన్ మోడ్‌లో దొరకలేదు' అన్న అర్థంలో మెసేజ్ వస్తే వెర్షన్ల జోలికి పోకండి, గ్రేడిల్ ప్యానెల్లో ఆఫ్‌లైన్ బటన్ నొక్కి ఉందేమో చూడండి.