పదో తారీఖు జీతం, ఒకటో తారీఖు కిరాయి

(వరంగల్‌లో జరిగిన స్టూడియో చర్చ పూర్తి పాఠం. పాల్గొన్నవారు: నగరంలో 42 మంది సిబ్బందితో వస్త్ర దుకాణం నడుపుతున్న యజమాని, హనుమకొండలో మరొక వస్త్ర దుకాణంలో పనిచేస్తున్న ఉద్యోగిని, కార్మిక చట్టాల కేసులు చూసే న్యాయవాది.)

వ్యాఖ్యాత: నమస్కారం. పెరుగుతున్న ధరల ప్రస్తావన వస్తే మన మాటలన్నీ ప్రభుత్వం చుట్టూనే తిరుగుతాయి. పని ఇచ్చే యజమాని చేతిలో ఏముందన్నది ఈ రోజు మనం మాట్లాడుకుందాం. ఈ ఊరికి ఇది కొత్త ప్రశ్న కాదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు తన కార్మికులకు నివాసాలు కూడా కట్టించింది. మిల్లు మూతపడి ఇరవై ఏళ్లు దాటినా మిల్స్ కాలనీ అన్న పేరు ఇంకా నిలిచే ఉంది. ఇప్పుడు మన దగ్గర పని అంటే ఎక్కువగా పదిమంది నుంచి యాభై మంది దాకా ఉండే దుకాణాలు, ఆసుపత్రులు, బడులు, రైస్ మిల్లులు. అమ్మా, మీ నెల ఎలా గడుస్తుందో ముందుగా మీరే చెప్పండి.

ఉద్యోగిని: పదకొండేళ్లుగా చీరల సెక్షన్‌లో పనిచేస్తున్నాను సార్. ఇప్పుడు నా జీతం 14,000 రూపాయలు. పీఎఫ్‌కు 1,680, ఈఎస్‌ఐ వైద్య బీమాకు 105 పోగా చేతికి 12,215 వస్తుంది. నేను అంతకుముందు పనిచేసిన చోట జీతం ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలిసేది కాదు. ఒక నెల పదో తారీఖు, ఇంకో నెల పద్నాలుగు. అప్పట్లో కరీమాబాద్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఇంటావిడకు మాత్రం ఒకటో తారీఖంటే ఒకటో తారీఖే. ఆ పది రోజులు గట్టెక్కడానికి గిరిగిరి వాళ్ల దగ్గర, అంటే రోజువారీ వసూలు మీద అప్పిచ్చేవాళ్ల దగ్గర, పది వేలు తీసుకున్నాను. మిత్తి కింద వెయ్యి ముందే పట్టుకొని తొమ్మిది వేలు చేతిలో పెట్టారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వసూలుకు వచ్చే అబ్బాయి సాయంత్రం దుకాణం గుమ్మం దగ్గరే నిలబడేవాడు. కస్టమర్ ముందు చీర మడత విప్పి కొంగు పరిచి చూపిస్తున్నా నా చూపు గుమ్మం మీదే ఉండేది. అది తీరకముందే ఇంకొకటి తీసుకోవలసి వచ్చింది. చివరకు గదులు ఖాళీ చేసి, వర్ధన్నపేట దారిలో ఉన్న మా అత్తగారి ఊరికి వెళ్లిపోయాం.

న్యాయవాది: ఆమె చెప్పిన అప్పును లెక్క కట్టి చూడండి. చేతికి వచ్చింది తొమ్మిది వేలు. రోజూ కొంత తిరిగి కడుతూనే ఉన్నారు కనుక వంద రోజుల్లో సగటున ఆమె దగ్గర మిగిలి ఉన్న సొమ్ము అందులో సగమే. దాని మీద వెయ్యి రూపాయల వడ్డీ అంటే, ఏడాది లెక్కన 80 శాతం దగ్గరకు వస్తుంది. ఇంత భారం ఆమె మీద పడటానికి కారణం జీతం పది రోజులు ఆలస్యం కావడం. నెల జీతాన్ని తరువాతి నెల ఏడో తారీఖులోగా ఇవ్వాలని చిన్న సంస్థల విషయంలో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పింది. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఆ ఏడు రోజుల గడువునే పెట్టింది. ఏడో తారీఖు అన్నది ఆఖరి గడువు, అంతకంటే ముందు ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. ధరలు పెరిగిన కాలంలో యజమాని చేయగలిగిన మొదటి సాయం ఇదేనని నా గట్టి అభిప్రాయం. దీనికి ఆయనకు అదనంగా అయ్యే ఖర్చు చాలా తక్కువ.

యజమాని: వకీలు గారి మాటను ఒప్పుకుంటాను, అయితే మా వైపు కష్టం కూడా చెప్పాలి. పెళ్లిళ్ల కాలంలో గల్లా నిండుతుంది, మూఢం వస్తే ఖాళీ అవుతుంది. సూరత్ సరుకుకు గడువు ప్రకారం డబ్బు కట్టాలి. అందుకని నేనూ చాలా ఏళ్లు పదో తారీఖునే జీతాలు ఇచ్చాను. మా దగ్గర తొమ్మిదేళ్లు పనిచేసిన ఒక సేల్స్‌మన్ బయట అప్పుల పాలయ్యాడని తెలిసిన రోజు, నన్ను అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి కదా అని బాధపడ్డాను. అతను ఎందుకు అడగలేదో తరువాత అర్థమైంది. అడ్వాన్సు కావాలంటే నా గల్లా ముందుకు వచ్చి, కస్టమర్లు వింటుండగా కారణం చెప్పుకోవాలి. ఆ పద్ధతిని మార్చాను. ఇప్పుడు సగం జీతం నెలాఖరు రోజున, మిగతా సగం ఏడో తారీఖులోగా బ్యాంకు ఖాతాలో వేస్తున్నాం. అడ్వాన్సుల కోసం రెండు లక్షలు విడిగా పెట్టాను. ఒక్కొక్కరికి పది వేల వరకు వడ్డీ లేకుండా ఇస్తాం, నెలకు రెండు వేల చొప్పున ఐదు నెలల్లో పట్టుకుంటాం. కారణం అడగం. రాసుకునేది అకౌంటెంట్, నా వరకు రానవసరం లేదు. ఇద్దరు బాకీ తీర్చకుండానే పని మానేశారు. ఆ నష్టాన్ని భరించి పద్ధతిని కొనసాగిస్తున్నాను.

న్యాయవాది: అడ్వాన్సు తిరిగి పట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అన్ని కోతలూ కలిపినా ఆ నెల జీతంలో సగానికి మించకూడదని వేతనాల కోడ్ చెబుతుంది. సగం దాకా కోయవచ్చు కదా అని కోస్తే ఆ మనిషి మళ్లీ గిరిగిరి దగ్గరకే వెళతాడు. కనుక మీరు పెట్టిన రెండు వేల పద్ధతి మంచిది.

వ్యాఖ్యాత: పండుగ కానుకల మాట ఏమిటి? దసరాకు బట్టలో, బియ్యం బస్తానో ఇచ్చే ఆచారం మన దగ్గర ఉంది.

యజమాని: మేము 25 కిలోల సన్నబియ్యం బస్తా ఇచ్చేవాళ్లం. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం వస్తుండటంతో కార్డు ఉన్నవాళ్లు, బియ్యం వద్దు సార్, నూనె, కందిపప్పు ఇప్పించండి అన్నారు. అడగకుండా ఇచ్చినంత కాలం మేము వాళ్లకు అవసరం లేనిదే ఇచ్చామేమో అనిపించింది.

ఉద్యోగిని: కానుకను కాదనము సార్, కానీ మాకు అసలు బరువు జూన్‌లో ఉంటుంది. బడులు తెరిచే వారంలోనే ఫీజు మొదటి విడత, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు అన్నీ ఒక్కసారే వస్తాయి. బోనస్ దసరాకు వస్తుంది. ఆ నాలుగు నెలల మిత్తికే దసరా బోనస్‌లో కొంత పోతుంది.

న్యాయవాది: దీనికి చట్టంలోనే దారి ఉంది, చాలామంది యజమానులు దాన్ని వాడుకోవడం లేదు. బోనస్ వర్తించే సంస్థలో అర్హత గల ఉద్యోగికి కనీసం 8.33 శాతం ఇవ్వాలి. 1965 నాటి బోనస్ చట్టం కాలం నుంచీ, అందులో కొంత భాగాన్ని ముందుగానే మధ్యంతరంగా చెల్లించి తరువాత ఇవ్వవలసిన మొత్తంలో సర్దుబాటు చేసుకునే వీలుంది. మార్చితో లెక్కలు ముగించే దుకాణం జూన్ మొదటి వారంలో సగం, దసరాకు సగం ఇవ్వవచ్చు. యజమాని జేబు నుంచి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పోదు.

యజమాని: ఇది నాకు తెలియదు. వచ్చే జూన్ నుంచి చేయవచ్చు.

వ్యాఖ్యాత: ఊరికి మారిన తరువాత మీ ఖర్చు తగ్గిందా అమ్మా?

ఉద్యోగిని: కిరాయి తప్పింది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక పొద్దున జీరో టికెట్‌తో వస్తాను. రాత్రి దుకాణం మూసేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, మా ఊరి చివరి బస్సు అప్పటికే వెళ్లిపోతుంది. షేర్ ఆటోకు అరవై రూపాయలు. నెలకు 26 రోజులు పని అనుకుంటే 1,560. చేతికొచ్చే జీతంలో దాదాపు ఎనిమిదో వంతు, కేవలం అరగంట కోసం పోతుంది. ఆటో దిగాక చీకట్లో నడిచే దూరం గురించి వేరే చెప్పను. మూసే ముందు అరగంట మేము చేసేది విప్పిన చీరలు మడతపెట్టడం. పొద్దున అరగంట ముందు వచ్చి ఆ పని చేస్తామని చెప్పి చూశాం.

యజమాని: అమ్మా, మా దుకాణంలోనూ బస్సు మీద వచ్చేవాళ్లు పదిహేను మంది దాకా ఉంటారు. ఎవరి చివరి బస్సు ఎన్నింటికో నేను ఇప్పటిదాకా అడగలేదు. షిఫ్టు పట్టిక రాసేటప్పుడు ఆ సమయం ముందు పెట్టుకోవాలి.

వ్యాఖ్యాత: సింగరేణిలో 2024లో లాభాల వాటా పంచినప్పుడు కాంట్రాక్టు కార్మికులకు కూడా తొలిసారి ఐదేసి వేలు ఇచ్చారు. దుకాణాలకు ఆ మాట వర్తిస్తుందా?

న్యాయవాది: వర్తిస్తుంది. ఏజెన్సీ ద్వారా వచ్చే సెక్యూరిటీ గార్డు, ఊడ్చే ఆమె కొనేది కూడా అదే నూనె, అదే పప్పు. అడ్వాన్సు, పండుగ సరుకులు వాళ్లకూ అందాలి. ఇంకొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఈఎస్‌ఐ నెలకు 21,000 రూపాయల జీతం వరకే ఉంది. ఇరవై వేల ఐదు వందలు ఉన్న మనిషికి వెయ్యి పెంచితే, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అనే చందా కాలాల్లో అప్పుడు నడుస్తున్నది ముగిశాక అతని చందా ఆగిపోతుంది, కట్టిన చందాకు దక్కే ప్రయోజన కాలం కూడా ముగిశాక అతని కుటుంబానికి వైద్యం పోతుంది. పెంచిన వెయ్యి ఒక్క ఆసుపత్రి బిల్లుకు చాలదు. ఆ గీత దాటించే యజమాని అదే నెలలో గ్రూపు ఆరోగ్య బీమా తీసుకోవాలి.

ఉద్యోగిని: ఇవన్నీ మంచివే సార్. కానీ జీతం పెరగకుండా ఇవి మాత్రమే ఇస్తే ఎన్నాళ్లు సరిపోతాయి? పెంచమని అడిగితే దసరా పోనీ అంటారు, దసరా పోయాక సంక్రాంతి అంటారు.

న్యాయవాది: రాష్ట్రంలో కనీస వేతనాల మీద కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న ధరల సూచీని బట్టి మారుతుంది. ఆ సూచీ కోసం దేశంలో ధరలు సేకరించే 88 కేంద్రాల్లో వరంగల్ కూడా ఉంది. కనీస వేతనం కంటే ఎక్కువ ఇస్తున్న యజమాని కూడా అదే సూచీని కొలతగా పెట్టుకోవచ్చు. ఎంత పెంచుతారన్నది వ్యాపారాన్ని బట్టి ఉంటుంది, ఎప్పుడు పెంచుతారన్నది మాత్రం నియామక పత్రంలో రాసి ఉండాలి.

యజమాని: రాసి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. నెల దగ్గరే ఆలోచిస్తున్నాను. దసరా తరువాత అయితే నా చేతిలో డబ్బు ఉంటుంది.

ఉద్యోగిని: ఏప్రిల్ అని రాయండి సార్. అప్పుడైతే జూన్ ఫీజుకు అందుతుంది.

యజమాని: ఏప్రిల్ అంటే పెళ్లిళ్ల సరుకు కొనే నెల అమ్మా. సరే, సగం పెంపు ఏప్రిల్‌లో, సగం అక్టోబర్‌లో అని రాస్తాను. మా అకౌంటెంట్‌తో కూర్చొని ఈ నెలలోనే ఆ కాగితం తయారు చేయిస్తాను.