జెట్ స్కీ ఎంతకీ అంటుకోకపోతే ముందే కార్బురేటర్ విప్పకండి

[దృశ్యం: తిరుపతి, కరకంబాడి రోడ్డులో ఒక షెడ్డు. ట్రాలీ మీద రెండు సిలిండర్ల పాత టూ-స్ట్రోక్ జెట్ స్కీ.]

వ్యాఖ్యాత: నమస్కారం. కొండ కింద ఊళ్లో నీళ్ల మీద నడిపే జెట్ స్కీకి ఏం పని అనుకుంటున్నారా? 2022లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు వైపు సముద్రతీరం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఈ బండి తూపిలిపాళెం నుంచి వచ్చింది. వానాకాలమంతా మూలన పడి ఉంది. సెల్ఫ్ నొక్కితే ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు.

యజమాని: అన్నా, కొత్త కార్బురేటర్ తెప్పించేద్దామా?

వ్యాఖ్యాత: ఆగు తమ్ముడూ, నీ డబ్బుకు అంత తొందరేమీ లేదు.

[సీటు ఎత్తుతారు.]

బటన్ మీద చెయ్యి వేసే ముందు సీటు తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. లోపల పెట్రోలు ఆవిరి నిలిచి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. తర్వాత చేతికి కట్టుకునే తాడు సరిగ్గా తగిలిందో లేదో చూడండి, అది ఊడి ఉంటే ఇంజను అంటుకోదు. నవ్వకండి, ఈ తాడు వదులై షెడ్డుకు వచ్చే బళ్లు కూడా ఉంటాయి.

[మల్టీమీటర్ దగ్గరగా.]

లైటు వెలుగుతోంది కాబట్టి బ్యాటరీ బాగుందని అనుకోవద్దు. నిండుగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టేటప్పుడు. అప్పుడు 10 కంటే బాగా కిందికి పడిందంటే బ్యాటరీయో, ఉప్పు పట్టిన టెర్మినళ్లో కారణం. ఇదిగో, నెగటివ్ వైరు మొదట్లో తెల్లటి పొడి. సముద్రం చేసే పని ఇది. గీకి బిగించాం. ఇప్పుడు 10.8. ఇంజను చురుగ్గా తిరుగుతోంది, కానీ ఇంకా అంటుకోలేదు.

[ప్లగ్ విప్పుతారు.]

నా దృష్టిలో ప్లగ్‌ను మించిన సాక్షి లేదు. కాసేపు సెల్ఫ్ కొట్టి వెంటనే విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ మీద అనుమానపడాలి. లేదా చోక్ ఎక్కువై ఇంజను ముంచెత్తి ఉండాలి. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. మన ప్లగ్ చూడండి, వేలికి తడి అంటడం లేదు.

స్పార్క్ కూడా చూసేద్దాం. ప్లగ్ విప్పిన రంధ్రాలకు దూరంగా, ప్లగ్ ఇనుప భాగం ఇంజనుకు ఆనేలా పట్టించాలి. రెండో ప్లగ్ వైరునూ అలాగే ఎర్త్ చేయాలి, లేకపోతే ఇగ్నిషన్ బాక్సు దెబ్బతినవచ్చు. నీలంగా, గట్టిగా కొడుతోంది. ఇది బాగుంది.

ఇప్పుడు ఒక్కో సిలిండర్లో ఆయిలు కలిపిన పెట్రోలు చెంచాడు పోసి, ఒలికింది తుడిచి, ప్లగ్ బిగించి కొడదాం.

[ఇంజను రెండు మూడు సెకన్లు మోగి ఆగుతుంది.]

యజమాని: అంటుకుంది కదా అన్నా!

వ్యాఖ్యాత: మనం పోసింది తాగి ఆగిపోయింది. అంటే లోపం ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా పెట్రోలు వచ్చే దారిలో ఎక్కడో ఉంది.

[ట్యాంకు పెట్రోలు సీసాలో పడుతుంది.]

సీసా అడుగున వేరుపడిన పొర చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఆ రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి, గొట్టం పీల్చేదీ అడుగు నుంచే. చాలా జెట్ స్కీ కంపెనీల మాన్యువళ్లు 10 శాతానికి మించిన ఇథనాల్ వద్దంటాయి. పాత రబ్బరు గొట్టాలనూ, కార్బురేటర్లో పల్చటి పొరల్లా ఉండే డయాఫ్రమ్‌లనూ అది పాడుచేస్తుంది. నెలల తరబడి నిలబెట్టే బండిలో పెట్రోలు ఉంచకండి.

ట్యాంకు ఖాళీ చేశాం, ఫిల్టరు మార్చాం. గొట్టాల క్లిప్పులు కూడా చూడండి, సన్నటి పగులున్నా పెట్రోలుకు బదులు గాలి లాగుతుంది. ఇప్పుడు కార్బురేటర్ మూత తీద్దాం. లోపల చిటికెన వేలి గోరంత జల్లెడ ఉంది, దాని మీద గోధుమరంగు జిగురు. తప్పంతా ఈ జిగురుదే. కార్బురేటర్ క్లీనర్‌తో కడిగితే పోతుంది. డయాఫ్రమ్ గట్టిపడితే రిపేరు కిట్టు వేయాలి. కొత్త కార్బురేటర్ అవసరం లేదు.

ఇంత చేసినా మొరాయిస్తే సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టాల్సిందే. ఇలాంటి టూ-స్ట్రోక్‌లో 120 నుంచి 150 పీఎస్ఐ ఉంటే మంచిదే. రెండు సిలిండర్ల మధ్య 10 శాతానికి మించి తేడా ఉంటే పిస్టన్, రింగులు చూడాలి.

[ఇంజను మోగుతుంది.]

ఒడ్డున నీళ్లు లేకుండా కొద్ది సెకన్లే నడపాలి. పైపు పెట్టి నడిపేటట్లయితే ముందు ఇంజను, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు ఆపి, ఆ వెంటనే ఇంజను ఆపాలి. వరుస తప్పితే ఎగ్జాస్ట్ దారిన నీళ్లు సిలిండర్లలోకి వెళ్తాయి.