సౌండ్ పెంచితే కారు స్పీకర్ గరగరమంటోందా? కొత్తవి కొనేముందు ఇది చూడండి

తెరపై: కారు స్టీరియో దగ్గరి నుంచి. నాబ్ నెమ్మదిగా తిరుగుతోంది. నంబరు 20 దాకా పాట శుభ్రంగా ఉంది. 28 దగ్గర గొంతు బొంగురుపోయింది, డప్పు దెబ్బ పడినప్పుడల్లా గరగర.

విన్నారు కదా. 20 దగ్గర డప్పు డప్పులాగే ఉంది. 28కి వచ్చేసరికి దెబ్బ దెబ్బకీ గరగరే తప్ప డప్పు లేదు. మన దగ్గర దీన్ని సౌండ్ పగలడం అంటారు.

ఇప్పుడు మనం అనంతపురంలో ఉన్నాం. ఈ బండి తాడిపత్రి తమ్ముడిది. ఇక్కడి నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు 44వ నంబరు హైవే మీద తిప్పుతుంటాడు. ఏం అనుకుంటున్నాడో ఆయన మాటల్లోనే వినండి.

తెరపై: బండి పక్కన ఇద్దరూ నిలబడి.

"అన్నా, సౌండ్ పెద్దగా పెడితే గరగరమంటాంది. ఈసారి బెంగళూరు పోయినప్పుడు జేసీ రోడ్డులో నాలుగు స్పీకర్లూ కొనుక్కొచ్చుకుందామనుకుంటాండా."

"ఆగు తమ్ముడూ. నాలుగూ పోయినాయని ఎట్ల చెప్తావు?"

చాలామంది చేసేది ఇదే. శబ్దం వచ్చేది స్పీకర్ నుంచి కాబట్టి తప్పు స్పీకర్‌దే అనుకుంటారు. ఖర్చుపెట్టి కొత్తవి వేయిస్తారు. రెండు రోజులు కొత్త ముచ్చట, తర్వాత మళ్లీ అదే గరగర. ఎందుకంటే పగులుతున్నది చాలాసార్లు స్పీకర్ కాదు, దాని వెనకున్న స్టీరియో. పగిలిన సౌండే లోపలికి పంపిస్తే, ఎంత ఖరీదైన స్పీకరైనా ఆ పగిలిన సౌండే వినిపిస్తుంది.

తెరపై: తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను. గుండ్రటి కొనలతో ఒక అల గీస్తున్నాం.

పాట కరెంటు రూపంలో వెళ్లేటప్పుడు ఇలా అలలుగా ఉంటుంది. సౌండ్ పెంచితే అల ఎత్తు పెరుగుతుంది. కానీ ఎంతవరకు? ఇంజన్ నడుస్తున్నప్పుడు బండిలో ఉండే కరెంటు 14 వోల్టుల చిల్లర, మహా అయితే 14.4. స్టీరియో లోపల సౌండ్‌ను పెంచే చిన్న చిప్పు, అంటే ఆంప్లిఫైయర్ ఐసీ, అంతకు మించి పైకి పోలేదు. మనం ఇంకా ఇంకా నాబ్ తిప్పితే అల పెరగదు, దాని తల తెగుతుంది. ఇదిగో, ఇలా పైన కిందా కత్తెరేసినట్టు చదునుగా అయిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. మీకు వినిపించే గరగర ఈ తెగిన అంచులదే.

ఇందులో వినడానికి ఇబ్బంది ఒక్కటే కాదు, ప్రమాదం కూడా ఉంది. తల పూర్తిగా తెగి చదరంగా మారిన అలలో, అదే ఎత్తున్న మామూలు అలకంటే రెట్టింపు పవర్ ఉంటుంది. ఆ పవరంతా స్పీకర్ లోపలి తీగ చుట్టలో, అంటే కాయిల్‌లో, వేడిగా మారుతుంది. పగిలిన సౌండ్‌లో గంటలకొద్దీ పాటలు పెట్టే బండ్లలో కాయిల్ మాడేది ఇందుకే.

"మరి డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసింటారు కదన్నా?"

రాస్తారు. లెక్క వేసి చూద్దాం. 14.4 వోల్టులు అనేది అల కొన. మల్టీమీటర్ లెక్కలో అది సుమారు 10 వోల్టులు. 10ని 10తో గుణించి, స్పీకర్ నిరోధం 4 ఓములతో భాగించండి. 25 వాట్లు. ఐసీలో పోయేది పోగా ఒక్కో స్పీకర్‌కు శుభ్రంగా అందేది 18 నుంచి 20 వాట్లు. ఇంజన్ ఆపేసి బ్యాటరీ మీదే పాటలు పెడితే వోల్టేజీ 12న్నర దాకా పడిపోతుంది, అప్పుడు సౌండ్ ఇంకా ముందే పగులుతుంది.

తెరపై: బయటికి తీసిన స్టీరియో. వెనకవైపు ఫ్యూజు మీద వేలు.

నమ్మకం లేకపోతే మీ స్టీరియో వెనక ఫ్యూజు చూడండి. ఇక్కడ 10 ఆంపియర్లు అని ఉంది. 14.4ను 10తో గుణిస్తే 144. అంటే నిలకడగా లోపలికి వెళ్లేదే 144 వాట్లు. లోపలికి రాని 200 వాట్లు బయటికి ఎలా వస్తాయి? డబ్బా మీది అంకె క్షణకాలపు గరిష్ఠం. మీరు చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అని రాసి ఉండే అంకె, అంటే నిలకడగా ఇవ్వగలిగే పవర్.

సరే, బండి దగ్గరికి వద్దాం. ముందు పాట సంగతి. ఈ తమ్ముడి పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి సగం వాట్సాప్‌లో వచ్చినవి, ఇంకొన్ని బేస్ బూస్టెడ్ అని పేరు పెట్టిన రీమిక్స్‌లు. వాటిలో చాలావాటికి పాట తయారు చేసినప్పుడే అల తల తెగిపోయి ఉంటుంది. అదే పాటను ఫోన్‌లో మంచి ఇయర్‌ఫోన్స్‌తో మామూలు సౌండ్‌లో వినండి. అక్కడా గరగర ఉంటే బండిలో వెతకడం దండగ. 320 కేబీపీఎస్, అంటే మంచి క్వాలిటీ ఉన్న ఫైలు ఒకటి, మీకు బాగా తెలిసిన పాటది, పరీక్షకని ఉంచుకోండి. ఫోన్‌లో ఈక్వలైజర్ ఆపేయండి. బ్లూటూత్ అయితే ఫోన్ సౌండ్ దాదాపు ఫుల్‌లో పెట్టి స్టీరియోతో తగ్గించుకోండి. ఆక్స్ వైర్ అయితే ఫోన్‌ను కొంచెం తగ్గించి పెట్టండి.

ఇక సెట్టింగులు.

తెరపై: స్టీరియో తెర. బేస్ ప్లస్ 6, ట్రెబుల్ ప్లస్ 4, లౌడ్‌నెస్ ఆన్.

ఈ మూడూ చూడండి. లౌడ్‌నెస్ అంటే బేస్‌ను ఇంకాస్త ఎత్తే సెట్టింగ్. నేను తెరిచి చూసే బండ్లలో ఎక్కువ శాతం ఇలాగే ఉంటాయి. బేస్‌ను 6 డెసిబెల్స్ పెంచడం అంటే ఆ బేస్‌కు నాలుగింతల పవర్ అడగడం. మన దగ్గర ఉన్నదే 20 వాట్లు. డప్పు దెబ్బ పడిన ప్రతిసారీ స్టీరియో చేతులెత్తేస్తుంది. దాంతోపాటు గాయకుడి గొంతు కూడా పగులుతుంది, ఎందుకంటే రెండూ అదే ఐసీలోంచి రావాలి.

బేస్ సున్నా. ట్రెబుల్ సున్నా. లౌడ్‌నెస్ ఆఫ్. ఇప్పుడు అదే పాట.

తెరపై: నాబ్ 28 దాటింది, 30 దాటింది. పాట శుభ్రంగా ఉంది. 33 దగ్గర మొదటి గరగర.

28లో పగిలేది 33 దాకా వచ్చింది. రూపాయి ఖర్చు లేదు. మొదట్లో సౌండ్ చప్పగా ఉన్నట్టు అనిపిస్తుంది, పెంచిన బేస్‌కు చెవి అలవాటు పడి ఉంటుంది కాబట్టి. వారం రోజులు ఇలాగే వినండి. ఈ 33 అనే నంబరు గుర్తుపెట్టుకుని దానికి రెండు మూడు మెట్లు కిందే ఉండండి. ఇది ఈ బండి నంబరు, మీ బండికి వేరే ఉంటుంది.

ఇంకో సెట్టింగ్ ఉంది, దీన్ని ఎవరూ ముట్టుకోరు. హెచ్‌పీఎఫ్, అంటే హై పాస్ ఫిల్టర్. ఒక హద్దు కంటే కింద ఉన్న బేస్‌ను డోర్ స్పీకర్‌లోకి పోనివ్వదు. ఇది ఎందుకు కావాలంటే, ఒకే గట్టితనంతో వినిపించాలన్నా బేస్ లోతుకు పోయేకొద్దీ స్పీకర్ ముందుకూ వెనక్కూ చాలా ఎక్కువ కదలాలి. 80 హెర్ట్జ్ నుంచి 40కి దిగితే నాలుగింతలు కదలాలి. ఆరున్నర అంగుళాల డోర్ స్పీకర్ అంత కదల్లేదు, దాని హద్దు దాటి టపటప కొట్టుకుంటుంది. 80 హెర్ట్జ్ దగ్గర ఈ ఫిల్టర్ పెట్టండి. ఆ కింది బేస్ కావాలంటే అది వూఫర్ చేయాల్సిన పని. ఫ్యాక్టరీ స్టీరియోలో ఈ సెట్టింగ్ లేకపోతే బేస్‌ను సున్నా కంటే ఒకటి రెండు కిందికి దించండి.

ఇప్పుడు 33 కంటే కిందే ఉన్నాం. అయినా ఎక్కడో చిన్నగా జర్‌జర్ అంటోంది. సౌండ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే ఫేడర్, ఎడమకూ కుడికీ జరిపే బ్యాలెన్స్ తెరిచి ఒక్కో స్పీకర్‌నే మోగిద్దాం. నాలుగూ ఒకే నంబరు దగ్గర పగిలితే తప్పు స్టీరియోది. ఒక్కటే తేడాగా ఉంటే ఆ డోర్ తెరవాలి. వెనక కుడి, బాగుంది. వెనక ఎడమ, బాగుంది. ముందు కుడి, బాగుంది. ముందు ఎడమ...

తెరపై: ముందు ఎడమ డోర్. జర్‌జర్ స్పష్టంగా వినిపిస్తోంది. అరచేత్తో డోర్ ప్యాడ్‌ను అదిమితే కొంత తగ్గింది.

అదిమితే తగ్గింది, పూర్తిగా పోలేదు. అంటే ప్యాడ్ క్లిప్పులు వదులుగా ఉన్నాయి, దాంతోపాటు ఇంకేదో ఉంది. ప్యాడ్ విప్పుదాం.

తెరపై: ప్యాడ్ తీసిన డోర్. ప్లాస్టిక్ షీట్ సగానికి చినిగి వేలాడుతోంది.

"తమ్ముడూ, ఈ డోర్‌కు పవర్ విండో పని ఏమైనా చేయించినావా?"

"అవునన్నా, పోయినేడు."

అనుకున్నాను. ఈ షీట్ మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. వాన పడినప్పుడు, బండి కడిగినప్పుడు అద్దం పక్కనుంచి నీళ్లు డోర్ లోపలికి దిగుతాయి. అది మామూలే, కింద రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు ఇవతలికి రాకుండా కంపెనీ ఈ షీట్ అంటిస్తుంది. విండో రిపేరు చేసేవాళ్లు దీన్ని చింపి, మళ్లీ అంటించకుండా ప్యాడ్ బిగించేస్తారు. అప్పుడు నీళ్లు ప్యాడ్ లోపలికీ, స్పీకర్ అంచుల మీదికీ వస్తాయి. ఈ కాగితపు కోన్ చూడండి, అంచు ఉబ్బి అలలు తేలింది. మన ఎర్రమట్టి దుమ్ము తడిసి అంచునంతా గట్టిపడింది. నాలుగు స్క్రూల్లో ఒకటి అసలు లేదు.

తెరపై: స్పీకర్ కోన్ మీద రెండు చేతుల వేళ్లు. చెవి దగ్గరగా.

పరీక్ష ఇలా చేయాలి. కోన్‌ను అన్నివైపులా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. మెత్తగా వెళ్లి మెత్తగా రావాలి. లోపల బరబరమని రాసుకుంటే కాయిల్ పక్కకు జరిగినట్టు, లేదా మాడినట్టు. ఇది రాసుకుంటోంది, వినండి. వైర్ విప్పి మల్టీమీటర్ పెడితే 4 ఓముల స్పీకర్‌కు 3.2 నుంచి 3.8 మధ్య చూపించాలి. ఇది 3.5 చూపిస్తోంది, అంటే కాయిల్ తెగలేదు, వంగింది. మీటర్ బాగుందని చెప్పినా చెవి, వేళ్లు చెప్పేది కూడా వినాలి.

కాబట్టి మార్చాల్సింది నాలుగు కాదు. ముందు రెండూ ఒకే సౌండ్ రావాలి కాబట్టి ఆ జత మార్చుకుంటే చాలు. కొనేటప్పుడు డబ్బా మీద 300 వాట్లు అని ఉందా అని చూడకండి. సెన్సిటివిటీ అనే అంకె చూడండి, అంటే అదే పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది. 89 డెసిబెల్స్ ఉన్నదాని బదులు 92 ఉన్నది తీసుకుంటే, అదే స్టీరియో మీద పవర్ రెట్టింపు చేసినంత తేడా వస్తుంది. స్టీరియోకు తోడుగా విడిగా ఆంప్లిఫైయర్, అంటే ఆంప్, లేని బండికి ఇదే అసలైన అంకె. బిగించేటప్పుడు ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. ఒకవైపు తిరగబడితే రెండు స్పీకర్లూ ఒకదాని బేస్‌ను ఒకటి చంపుకుంటాయి. బేస్ రావడం లేదని మీరు మళ్లీ నాబ్ తిప్పుతారు. పాత షీట్‌ను బ్యూటైల్ టేపుతో, అంటే బంకలా అతుక్కునే రబ్బరు టేపుతో, అంటించండి. డోర్ రేకు అదరకుండా అంటించే డంపింగ్ షీట్ వేస్తే అదీ బ్యూటైల్‌దే వేయండి. తారు రకం చవక, కానీ మన ఎండలకు డోర్ లోపల కరిగి జారిపోతుంది.

ఒకే వైరుకు రెండేసి స్పీకర్లు కలిపినవాళ్లకు ఒక మాట. 4 ఓములవి రెండు పక్కపక్కన కలిపితే 2 ఓములు అవుతుంది. స్టీరియో 4 ఓముల కోసం చేసింది. వేడెక్కుతుంది, పగులుతుంది, చివరికి ఐసీ పోతుంది. విప్పేయండి.

ఆంప్ పెట్టించుకున్నవాళ్ల సంగతి వేరు. అక్కడ పగలడానికి మొదటి కారణం గెయిన్. దాన్ని వాల్యూమ్ అనుకుని ఫుల్‌కు తిప్పేస్తారు. అది వాల్యూమ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్ 2 వోల్టులా, 4 వోల్టులా అన్నదాన్ని బట్టి ఆంప్‌ను సరిపెట్టే స్క్రూ.

తెరపై: ఆంప్, స్క్రూడ్రైవర్, మల్టీమీటర్.

స్పీకర్ వైర్లు విప్పండి. గెయిన్ పూర్తిగా కిందికి, బేస్ బూస్ట్ ఆఫ్. స్టీరియోను పగలని గరిష్ఠంలో, అంటే నాబ్‌లో ముప్పావు వంతు దగ్గర పెట్టి 400 హెర్ట్జ్ టోన్, అంటే ఒకే స్వరం ఆగకుండా మోగే ఫైలు, నడపండి. చవక మీటర్లు చాలావరకు ఏసీని 400 హెర్ట్జ్ దాకానే సరిగ్గా చూపిస్తాయి, అందుకే ఆ టోన్. వూఫర్‌కైతే 50 హెర్ట్జ్. మీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టండి. ఆంప్ 50 వాట్ల ఆర్‌ఎంఎస్, స్పీకర్ 4 ఓములు అయితే, 50 ఇంటూ 4, 200. దాని వర్గమూలం 14.1. మీటర్‌లో 14.1 వచ్చేదాకా గెయిన్ తిప్పి అక్కడ ఆపండి. మీ స్పీకర్ ఆర్‌ఎంఎస్ అంతకంటే తక్కువైతే ఆ తక్కువ అంకెతోనే లెక్క వేయండి.

గెయిన్ సరిగ్గా ఉన్నా బేస్ పడినప్పుడు పగులుతుంటే వైరు చూడాలి. లైన్ చివరున్న పొలంలో సన్నటి సర్వీసు వైరు మీద బోరు మోటారు మూలుగుతుంది కానీ నీళ్లు ఎత్తదు, చూశారు కదా. ఆంప్‌కూ అంతే. ఇంజన్ ఆన్‌లో పెట్టి, గట్టిగా పాట పెట్టి, ఆంప్ టెర్మినళ్ల దగ్గరే వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి ఇక్కడ 12 కంటే కిందికి పోతుంటే వైరు సన్నం, లేదా ఎర్త్ సరిగ్గా లేదు. చవక కిట్లలో అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు వస్తుంది. మందంగా కనిపిస్తుంది, కరెంటు మాత్రం తక్కువ మోస్తుంది. ఎర్త్‌ను సీటు బోల్టుకు చుట్టి వదిలేయకండి. బాడీ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాక రింగు టెర్మినల్‌తో బిగించండి.

అరగంట బాగా పాడి, తర్వాత ఆంప్ ఆగి మళ్లీ వస్తుంటే అది వేడి. సీటు కింద కార్పెట్‌లో కూరిన ఆంప్‌కు గాలి ఆడదు, మే నెల అనంతపురంలో బండి లోపలి వేడి దానికి తోడవుతుంది. చుట్టూ నాలుగు వేళ్ల సందు ఉంచి గట్టి ప్లేటు మీద బిగించండి. ఎండలో ఆపిన బండి ఎక్కగానే ఫుల్ సౌండ్ పెట్టకండి, ఏసీ వేసి లోపల చల్లబడనిచ్చి అప్పుడు పెంచండి.