ఊరికొకరుగా ఉన్న టీము

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఆదివారం పొద్దున్నే టిఫిను సగంలో వదిలేసి వచ్చిన టీమ్ లీడ్లకు, ఇంకా మైకుతో కుస్తీ పడుతున్న తమ్ముడికీ నమస్కారం. నాకిచ్చిన విషయం రిమోట్ టీమును, అంటే ఎవరింట్లో వాళ్లు కూర్చుని పనిచేసే సాఫ్ట్‌వేర్ టీమును కట్టడం, నడపడం. కాగితం మీద ఐదు అంశాలు రాసుకొచ్చాను: మనుషుల్ని తీసుకోవడం, మొదటి వారం, వేళలు, రాతపని, కొలత. వరసగా వెళ్దామనే ఉద్దేశం.

మనుషుల్ని తీసుకునేటప్పుడు మాటకారితనం చూసి మోసపోకండి, రాయించి చూడండి. ప్రోగ్రాంలో పాత లోపం, అదే బగ్, ఒకటి ఇచ్చి, ఇదెందుకు వచ్చింది, మీరైతే ఏం చేస్తారో గంటలో ఒక పేజీ రాయమనండి. ఇంగ్లీషులో తప్పులున్నా వదిలేయండి. అది చదివినవాళ్లు మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిన పని లేకపోతే చాలు.

మొదటి వారం. లాప్‌టాప్ వారం ముందే కొరియర్‌లో వెళ్లాలి. కంపెనీ నెట్‌వర్క్‌లోకి భద్రంగా చేర్చే వీపీఎన్, మెయిల్, కోడ్ దాచే రిపాజిటరీ, టెస్ట్ సర్వర్, ఈ నాలుగింటి యాక్సెస్ ముందురోజు సాయంత్రానికి సిద్ధంగా ఉండాలి. ఆఫీసులో అయితే యాక్సెస్ రానివాళ్లు పక్క సీటుకెళ్లి అడుగుతారు. నర్సీపట్నంలో ఇంట్లో కూర్చున్న కొత్త అమ్మాయి మొహమాటంతో మూడు రోజులు నోరు మెదపదు. అందుకే మేనేజరు కాని సీనియర్ ఒకరు ఆ వారమంతా రోజూ అరగంట ఆమెతో మాట్లాడాలి. వారం తిరిగేలోగా ఆమె చేసిన చిన్న మార్పు ఒకటైనా లైవ్‌లోకి, అంటే వాడేవాళ్ల చేతికి, వెళ్లాలి.

కరెంటు సంగతి కాగితం మీద లేదు గానీ చెప్పాలి. ఇన్వర్టర్ ఉందిలే అంటారు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్ రీస్టార్ట్ అవుతుంది, రెండు మూడు నిమిషాలు నెట్ ఉండదు, కాల్ తెగిపోతుంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేస్తే మార్పు వేగంగా జరుగుతుంది. అప్పటికీ తెగుతుంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాలి. రౌటరూ, ఫైబర్ డబ్బా విడివిడిగా ఉంటే రెండింటికీ పెట్టాలి. చాలామంది ఒక్క రౌటర్‌కే పెట్టి డబ్బా మర్చిపోతారు. ఈ ఖర్చు కంపెనీది, ఉద్యోగిది కాదు.

ఇక కొలత. చివర్లో చెప్పాల్సింది, ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే కడుపుబ్బరం తీరదు. మనం మెసేజ్‌లు, కాల్స్ చేసుకునే మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌లో ఐదు నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోకపోతే పచ్చ చుక్క పసుపవుతుంది. వెంటనే మేనేజరు నుంచి 'ఎక్కడున్నారు?' అని మెసేజ్. ఇక్కడ ఆ చుక్క చూసేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఫరవాలేదు, దించండి. కాగితం మీద డిజైన్ గీసుకుంటున్నవాడు పసుపు, ఊరికే పేజీలు పైకీ కిందికీ జరుపుతున్నవాడు పచ్చ! అప్పుడు జనం ఏం చేస్తారు? మౌస్‌ను దానంతటదే కదిలించే జిగ్లర్ కొంటారు. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగుల్ని, కీబోర్డు మీద పనిచేస్తున్నట్టు నటించారని తీసేసింది. వాళ్లది ఒప్పు అనను. కానీ మీరు కదలికను లెక్కపెడితే మీకు దొరికేది కదలికే. దయచేసి, చేతులు జోడించి అడుగుతున్నాను, ఆ చుక్క చూడటం మానేయండి.

మరేం చూడాలి? ఏ టికెట్టూ, అంటే లిస్టులో రాసిపెట్టుకున్న ఏ ఒక్క పనీ, రెండు రోజులు మించకూడదు, మించితే ముక్కలు చేయండి. మూడు రోజులు కదలని టికెట్ కనిపిస్తే 'ఎక్కడ ఆగింది?' అని దాని కిందే అడగండి. రాసిన కోడ్ రివ్యూ కోసం, అంటే ఇంకొకరు చదివి సరేననడం కోసం, ఎన్ని గంటలు ఎదురుచూసిందో కూడా లెక్కేయండి. చాలాసార్లు ఆలస్యం రాసినవాళ్ల దగ్గర ఉండదు, రివ్యూ చేయాల్సిన మేనేజరు దగ్గరే ఉంటుంది!

చీటీ వచ్చింది, టైమైపోతోందట. రాతపని క్లుప్తంగా చెబుతాను. రోజు ముగించేముందు నాలుగు లైన్లు: ఏం పూర్తయింది, ఎక్కడ ఆగింది, ఎవరు తేల్చాలి, ఎప్పటిలోగా. నాలుగోదే ముఖ్యం. 'గురువారం సాయంత్రం 6 లోపు అభ్యంతరం రాకపోతే రెండో పద్ధతిలో వెళ్తాం' అని రాయండి. అలా రాయకపోతే చిన్న ప్రశ్న ఒకటి అటు అమెరికాలో ఒక రాత్రి, ఇటు మన దగ్గర ఒక పగలు నలుగుతుంది.

వేళలు. న్యూయార్కులో మనతో పనిచేసేవాళ్లకు ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. వాళ్ల గడియారం మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుతుంది. మీటింగ్ వాళ్ల టైమ్‌జోన్‌లో పెడితే మనకు గంట జరుగుతుంది, మన జోన్‌లో పెడితే వాళ్లకు జరుగుతుంది. ఎప్పుడూ మనమే జరగాలని ఎక్కడా రాసిలేదు. ఒక నెల మనం ఆలస్యంగా ఉంటే, ఒక నెల వాళ్లు పెందలాడే లేవాలి. సంక్రాంతి మూడు రోజులూ, వాళ్ల థాంక్స్‌గివింగూ ఒకే క్యాలెండర్‌లో జనవరికి ముందే ఎక్కించండి. కనుమనాడు భీమవరం నుంచి ఎవరూ కాల్‌లోకి రారు, రమ్మనకండి కూడా.

ఇప్పుడే ఫోన్లు తీయండి. మీ రోజువారీ కాల్ ఎవరి టైమ్‌జోన్‌లో ఉందో చూసి చెప్పండి, ముందు వరస నుంచి మొదలుపెడదాం.